మూటకెక్కని అంకె

క్లైపెడా రేవులో ఫిబ్రవరి.
క్రేన్ల మెడల మీద ఉప్పుమంచు.
మూడో అంతస్తులో, హీటరుకి మోకాళ్లు ఆనించి
ఔద్రోనె పడవల్ని మాటల్లోకి దించుతోంది.

పదకొండేళ్లుగా కన్ను మూయని పాత సర్వరు.
ఆదివారం రాత్రి దాన్ని ఆపేస్తారు.
ఈలోగా దాని తలలో ఉన్నదంతా
ఎక్స్‌ఎమ్‌ఎల్ మూటై బయటికి రావాలి,
కొత్త యంత్రంలో ముడి విప్పుకుని
మళ్లీ పడవై లేవాలి.

పద్ధతి తేలికే.
పడవ అని తెరిచిన తలుపుని
పడవ అనే మూయాలి.
మధ్యలో పేరు, పొడవు, రంగు, నీట మునిగే లోతు.
నిలబడి ఉన్నదాన్ని
బారుగా అక్షరాల మీద పడుకోబెట్టడం, అంతే.

మొదటి పూటే గొడవ.
రూతా అనే పడవలో కెప్టెన్ ఉన్నాడు.
కెప్టెన్ జేబులో పడవ ఉంది.
ఆ పడవలో కెప్టెన్,
ఆ కెప్టెన్ జేబులో
గానుగెద్దు మూడు సెకన్లు తిరిగి కూలబడింది.
ఆమె కెప్టెన్ వైపు ముడి తెంపేసింది:
నీది ఏ పడవో నువ్వు చెప్పక్కర్లేదులే,
నువ్వెవరో పడవే చెబుతుంది.

రెండో పూట
కొత్త యంత్రం ముందు కూర్చున్న ఐమంతస్
నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు.
రెండు మీటర్ల ముప్పై అయిదు సెంటీమీటర్లని
ఇక్కడివాళ్లు అంకెల మధ్య కామా పెట్టి రాస్తారు.
ఆ యంత్రం ఎక్కడ చదువుకుందో గాని
కామాని దుమ్మనుకుని దులిపేసింది.
రెండు వందల ముప్పై అయిదు మీటర్లు మునిగే చేపల పడవ!
"రేవు తవ్వించమని ఉత్తరం రాయనా?" అన్నాడు.
ఆమె నవ్వలేదు.
కామా తీసి చుక్క పెట్టింది.
తర్వాత నవ్వింది.

శనివారం, వెళ్లినదాన్నీ వచ్చినదాన్నీ
పక్కపక్కన పెట్టి తూచింది.
అన్నీ తూగాయి, కోపా తప్ప.
కోపా: నీలం రంగు, పద్నాలుగు మీటర్లు,
స్థితి: బయలుదేరినది.
తేదీ మాత్రం పదకొండేళ్ల కిందటిది.

నడుస్తున్న సర్వరు లోపలికి తొంగి చూసింది.
ప్రైవేట్ అని రాసిన ఒక గడి.
బయటి చెయ్యి దూరదు. మూటకెక్కదు.
కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది.
అందులో ఒక్క అంకె:
నాలుగు వేల ఇరవై ఎనిమిది.
చూస్తుండగానే సాయంత్రం ఆరయింది.
నాలుగు వేల ఇరవై తొమ్మిది.

ఆ కోడు రాసిన జిగ్మాస్
ఇప్పుడు కయ్యకు ఆవలి ఒడ్డున, నిడాలో,
ఈల్ చేపలకి పొగ పెట్టి అమ్ముకుంటున్నాడు.
ఫోనులో కాసేపు గాలి.
"అదా, పరీక్షకని పెట్టాను. తీసెయ్యడం మరిచాను."
"ఒక్క పడవకేనా?"
"పరీక్షకి ఒక్కటి చాలు కదా."
మళ్లీ గాలి. ఎవరో చేప ధర అడుగుతున్నారు.
"ఇప్పుడెంత ఉంది?"
చెప్పింది.
"ఒకటి తక్కువ," అన్నాడు ముసలాయన.
"మొదటి సాయంత్రం లెక్కలో లేదు.
వచ్చేస్తుందనే అనుకున్నాం."

ఫోను పెట్టేశాక ఆమె
చాలాసేపు కీబోర్డు మీది రొట్టెపొడి ఏరింది.
గడి మీద ప్రైవేట్ అన్న మాట చెరపలేదు.
గోడలో చిన్న కిటికీ తెరిచే
నాలుగు వరుసలు రాసిందంతే,
అంకె ఒక్కటే పట్టేంత కిటికీ.

ఆదివారం పదకొండింటికి
పాత సర్వరు ఫ్యాన్లు ఒకటొకటే ఆగాయి.
ఆ గదిలో హీటరు కూడా చప్పుడు చేస్తుందని
అందరికీ అప్పుడే తెలిసింది.
కొత్త యంత్రంలో రూతా లేచింది.
కోపా లేచింది.
నీలం రంగు, పద్నాలుగు మీటర్లు, బయలుదేరినది.

"ఇక్కడ నాలుగు వేల ముప్పై ఒకటి ఉంది,"
ఐమంతస్ ఇటు తిరిగాడు.
"అక్కడ ముప్పయ్యే కదా?"

"కామా లాంటిదే," అంది ఔద్రోనె,
కోటు బొత్తాలు పెట్టుకుంటూ.
"సరిచేశాను."